అడగకుండా వేసిన వైరు

గాజు వాల్వులతో శబ్దం పెంచే పాత ఆంప్లిఫయర్ పెట్టె విప్పి చూసి రోగం చెప్పగలిగినవాళ్లు మా జిల్లాలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. నాకు చూపు మందగించింది, చేతిలో సోల్డరింగ్ ఐరన్ మునుపటిలా నిలవదు. అయినా గిటారు వాయించే పిల్లలు ఎవరి దగ్గరో నా పేరు విని, ఆటోలో పాత పెట్టె ఒకటి వేసుకుని నా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ కాలపు పెట్టెల్లో వచ్చే గొంతు రావాలంటే ఏం చేయాలి?

నాకు తెలిసింది చెబుతాను. స్విచ్చి వేశాక వాల్వులు ఎర్రబడి కుదురుకునే దాకా పది నిమిషాలు ఆగమంటాను. ఎండిపోయిన కండెన్సర్లు మార్చండి, కానీ వాల్వును పాతదైందని మార్చకండి, చచ్చిపోతేనే మార్చండి అంటాను. కాగితపు స్పీకరుకు చిరుగు పడితే పలచటి కాగితం అంటించుకోమంటాను. వాల్యూమ్ సగం దాటించడానికి భయపడొద్దని, ఆ పెట్టె అసలు గొంతు విప్పేది అక్కడి నుంచేనని చెబుతాను. ఇవన్నీ శ్రద్ధగా రాసుకుంటారు. ఆఖరున ఇంకొక మాట చెబుతాను. పెట్టె యజమాని అడగని పని చేయకండి అని. అది మాత్రం ఎవరూ రాసుకోరు. అందుకని ఆ ఒక్కటి నేనే రాస్తున్నాను. గొప్ప చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

1969లో కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక రేడియోలు, మైకుసెట్ల దుకాణంలో పనికి చేరాను. ముందర గల్లా దగ్గర సేటు, వెనక బల్ల దగ్గర ఉస్తాద్. ఉస్తాద్‌కు అప్పటికే యాభై దాటాయి. ఆయన దగ్గర మీటరు ఉండేది కానీ దాని మీద ఎప్పుడూ దుమ్మే. ఆయన పనిముట్టు ఒక వేపపుల్ల. పెట్టె మోగుతుండగా ఒక్కో వాల్వు నెత్తిన ఆ పుల్లతో టక్కున కొట్టి, చెవి వంచి వినేవాడు. "గీ మూడోది నిద్రపోతుంది, తీసెయ్" అనేవాడు. తీసి చూస్తే నిజంగానే అది పోయి ఉండేది. ఎట్లా తెలిసిందని అడిగితే, "విను, గంతే" అనేవాడు. ఆయన పాఠమంతా ఆ రెండు మాటలే.

ఏడెనిమిదేళ్లు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాక సేటు నన్ను హైదరాబాదులో ఆరు నెలల కోర్సుకు పంపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. దాంతోపాటు, ఏదో కాలేజీ వాళ్లు అమ్మేస్తున్న పాత ఆసిలోస్కోపు ఒకటి సేటుతో కొనిపించాను. శబ్దాన్ని తెర మీద పచ్చటి గీతగా చూపే యంత్రం అది. గీత నున్నటి అలలా సాగితే శబ్దం శుభ్రంగా ఉన్నట్టు. అల నెత్తి చదునైతే ఎక్కడో బొంగురు ఉన్నట్టు. రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ పచ్చగీతను సినిమా చూసినట్టు చూసేవారు. సేటు నన్ను 'ఇంజినీరు' అని పిలవడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ వేపపుల్లను చూసి నేను నవ్వడం మొదలుపెట్టింది కూడా అప్పుడే.

ఆ మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం గోదావరిఖని బస్సు టాపు మీద నుంచి ఒక చెక్కపెట్టె దిగింది. దాని వెనక ఒక సన్నటి మనిషి దిగాడు, భుజాన గిటారు. ఇరవై నాలుగేళ్లుంటాయి. మిషను హాస్టల్లో చదువుకున్నాడట. అక్కడి విదేశీ ఫాదరు తన దేశం వెళ్లిపోతూ ఆ గిటారునూ, పెట్టెనూ ఇతనికి ఇచ్చి పోయాడు. అప్పటికి బొగ్గుబాయిలో బదిలీ కార్మికుడు, అంటే పిలిచిన రోజే పని. పెళ్లిళ్లకూ, వినాయకుడి పందిళ్లకూ ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు.

"అన్నా, జరసేపు మోగినంక గుయ్యిమని రొద పెడ్తుంది, ఆ తర్వాత సల్లవడుతుంది. గది ఒక్కటి చూడు," అన్నాడు.

వినిపించమన్నాను. బల్ల పక్కన నిలబడి ఒక పాత సినిమా పాట ఎత్తుకున్నాడు. మెల్లగా మీటినప్పుడు స్వరం నీళ్లలా తేటగా వచ్చింది. గట్టిగా మీటేసరికి అది కొంచెం బొంగురుపోయి, సాగి, మనిషి గొంతు పూడుకుపోయినట్టు పలికింది. బస్సు కోసం పోతున్న జనం ఆగిపోయారు. సేటు గల్లా మూసి లేచి వచ్చాడు. ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. నాకూ ఒళ్లు జలదరించింది, అది దాచిపెడితే పాపం. ఐదు నిమిషాలకు అతను చెప్పిన రొద మొదలైంది, పాట ఆగిపోయింది.

రోగం చిన్నదే. రెండు కండెన్సర్లు ఎండిపోయాయి. మార్చాను. రొద పోయింది. అక్కడితో పెట్టెను మూసి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను ఇంజినీరును కదా. ఆసిలోస్కోపుకు తగిలించి చూశాను. వాల్యూమ్ పెంచిన కొద్దీ అల నెత్తి చదునవుతోంది. అంత మంచి పెట్టెలో ఈ బొంగురు ఏమిటి అనుకున్నాను. దానికి మందు కోర్సులో నేర్పారు. స్పీకరు దగ్గర నుంచి ఒక సన్న వైరు తీసి, ఒక రెసిస్టర్ గుండా ముందరి వాల్వుకు కలిపితే చాలు. బయటికి పోయే శబ్దంలో కొంచెం వెనక్కి వచ్చి, లోపల జరిగే తప్పును దిద్దుతుంది. మైకుసెట్టుకు, రేడియోకు అది చాలా మంచి పని. ఆ వైరు వేశాను. పచ్చగీత నున్నగా సాగింది. ఉపన్యాసం వినిపించడానికి అంతకంటే మంచి పెట్టె ఉండదు.

అతను వచ్చి తీసుకుపోయిన రోజు ఊర్లో కరెంటు లేదు. వాయించి చూసుకోకుండానే బస్సెక్కించుకుని పోయాడు. నేను వేసిన వైరు సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తోచలేదు. అడగకుండా చేసిన మేలు అనుకున్నాను.

పదిహేను రోజులకు పెట్టెతో సహా మళ్లీ వచ్చాడు.

"అన్నా, రొద పోయింది, మంచిగైంది. కని దాని గొంతు సుత పోయింది."

"గొంతేంది?" అన్నాను.

"మెల్లగ మీటినా గంతే, గట్టిగ మీటినా గంతే. మునుపు గట్టిగ మీటితే ఏడ్సినట్టు వస్తుండె. ఇప్పుడు ఇస్త్రీ జేసినట్టున్నది. ఏమన్న మార్చినవా అన్నా?"

దుకాణంలో అప్పుడు ఏడెనిమిది మంది ఉన్నారు. సేటు చూస్తున్నాడు. నేను ఆసిలోస్కోపు స్విచ్చి వేసి పెట్టెను తగిలించాను.

"ఇగో చూడు. గీత ఎంత నున్నగున్నదో. నువ్వు తెచ్చిన నాడు గిట్ల ఉండెనా? మిషిని అబద్ధం చెప్తదా?"

అతను చాలాసేపు ఆ పచ్చగీత వైపు చూశాడు. చదువుకున్న యంత్రం, చదువుకున్న మనిషి. "అయితే నాకే అట్ల వినవడుతుందేమో," అన్నాడు. పోతూ పోతూ చెప్పాడు, "వచ్చే నెల మంచిర్యాలకు హైదరాబాద్ ఆర్కెస్ట్రా సారు వస్తుండు అన్నా. వాళ్లకు ఒక్క గిటార్ మనిషి గావాలెనట. తీసుకుంటె నెలజీతం. ఇగ బాయిల దిగుడు ఉండది. బాపు దిగి దిగి దగ్గుతోనే పోయిండు. నాకు గది వద్దు."

అతను బస్సెక్కాక ఉస్తాద్ బల్ల మీద నుంచి తలెత్తాడు.

"ఏం పెట్టినవ్ దాంట్ల?"

చెప్పాను.

"వాడు అడిగిండా?"

"లేదు."

"బేటా, రేడియోల పాట యాడనో పుట్టి వస్తది. మనం ఖరాబ్ గాకుంట ఇంటిదాక తేవాలె. గిటార్ పెట్టెల అట్ల గాదు. పాట గా పెట్టెలనే పుడ్తది. గా బొంగురే వాని గొంతు. నువ్వు దాన్ని కడిగి అవతల పారవోసినవ్. ఉత్తరం రాయి, వచ్చి వైరు కోపిచ్చుకొమ్మను."

"ఇదంతా మీ కాలం ముచ్చట ఉస్తాద్," అన్నాను నేను. ఇంకా ఏదో అన్నాను. వేపపుల్ల గురించి. అది ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన ఆ పుల్లను జేబులో పెట్టుకుని చాయ్ తాగడానికి వెళ్లాడు. నేను ఉత్తరం రాయలేదు.

మంచిర్యాలలో ఆ రోజు మైకుసెట్టు మా దుకాణానిదే. సెట్టుతోపాటు నేనే వెళ్లాను. ఒక క్లబ్బు హాలు, మధ్యాహ్నం మూడు గంటలు. నలుగురు గిటారు వాళ్లు వచ్చారు. హైదరాబాదు ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన వెంట వచ్చిన సౌండు మెకానిక్ నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. పెద్ద ఆర్కెస్ట్రా మెకానిక్ నా పక్కన కూర్చున్నాడని నేను పొంగిపోతున్నాను. మనవాడి పెట్టెకు కరెంటు ఇచ్చి, అతను తీగలు శ్రుతి చేసుకుంటుంటే ఆ మెకానిక్ నా వైపు వంగి, "చాలా క్లీన్‌గా ఉన్నదే. రొద అస్సలు లేదు. ఎవరు చేసిండ్రు?" అని అడిగాడు.

"నేనే," అన్నాను. ఛాతీ ఎంత ఉబ్బిందో నాకే తెలుసు.

అతను మూడోవాడుగా లేచాడు. మా దుకాణంలో మొదటి రోజు వాయించిన పాటే ఎత్తుకున్నాడు. అదే మనిషి, అవే వేళ్లు, అదే పెట్టె. నాకు ఒళ్లు జలదరించాల్సిన చోటు వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు, కానీ పాటలో మనిషి లేడు. అతను తీగను ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా మీటుతున్నాడు. అది మర్యాదగా అట్లాగే పలుకుతోంది. ఉస్తాద్ చెప్పింది ఏమిటో నాకు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

హైదరాబాదు ఆయన చెడ్డవాడు కాదు. "చెయ్యి బాగానే ఉంది కానీ జోష్ లేదు బాబూ. ఇంకొకటి వాయించు, జర మనసు పెట్టి," అన్నాడు.

అతను గిటారు పక్కన పెట్టి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"వస్తలేదన్నా. ఎంత కొట్టినా వస్తలేదు. నీ కాళ్లు మొక్కుత, జర వెనక ఇప్పి చూడు."

వెనక చెక్కకు నాలుగు స్క్రూలు. విప్పగానే స్పీకరు పక్కనే ఉంటుంది నేను వేసిన వైరు. వైర్లు కోసే కటింగ్ ప్లేయర్ నా చొక్కా జేబులోనే ఉంది. మొత్తం రెండు నిమిషాల పని. మరి ఆ వైరు ఎందుకు కోస్తున్నావని పక్కాయన అడుగుతాడు. నేనే వేశానని చెప్పాలి. ఎందుకు వేశావంటే, గిటారు పెట్టెకూ మైకుసెట్టుకూ తేడా తెలియక వేశానని చెప్పాలి. ఇప్పుడే కదా "నేనే" అని ఛాతీ విరుచుకున్నది. పక్కాయన నా మొహంలోకే చూస్తున్నాడు.

నేను పెద్ద గొంతుతో అన్నాను, "పెట్టె మంచిగనే ఉన్నది తమ్మీ. నీ చెయ్యే వణుకుతుంది."

అతను తన కుడిచేతిని పైకెత్తి చూసుకున్నాడు. నేను చెప్పేదాకా అది వణకలేదు. చూస్తుండగానే సన్నగా వణకడం మొదలుపెట్టింది. పాంటుకు తుడుచుకుని వెళ్లి గిటారు ఎత్తుకున్నాడు. రెండో పాటలో మూడు చోట్ల స్వరం తప్పాడు. నాలుగోవాడిని తీసుకున్నారు. వాడిది చిరిగిన స్పీకరున్న చవక పెట్టె, గట్టిగా మీటితే గొంతు చించుకుని అరిచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నేను మైకు వైర్లు చుట్టుకున్నాను.

వారం తర్వాత అతను ఆ పెట్టెను మా దుకాణానికి తెచ్చి దింపాడు. "గిటారు హాస్టల్ల ఇచ్చిన. గిది నువ్వే ఉంచుకో అన్నా. నాకెందుకు ఇగ," అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. చాయ్ తాగమంటే తాగి పోయాడు. ఆ మధ్యాహ్నమే నేను వెనక చెక్క విప్పి వైరు కోసేశాను. స్విచ్చి వేసి, వాల్వులు ఎర్రబడే దాకా ఆగాను. వాయించేవాడు ఎవడూ లేడు. స్పీకరులోంచి సన్నగా సుయ్యిమనే శబ్దం మాత్రం వస్తూ ఉండిపోయింది.

ఉస్తాద్ తల కూడా ఎత్తకుండా అన్నాడు, "ఇప్పుడెందుకు కోసినవ్? ముందుగల పోయి వానికి చెప్పు. ఇంక జవాన్ మనిషి, చెయ్యి మళ్ల కుదురుతది."

పోయాను. పోలేదనలేను. మరునాడు సెలవు పెట్టి గోదావరిఖని బస్సెక్కాను. సుల్తానాబాద్‌లో బస్సు ఆగితే దిగి, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నా కళ్ల ముందే ఆ బస్సు పోయింది. దాని వెనక వచ్చినది కూడా పోయింది. ఆ తర్వాత కరీంనగర్ బస్సొకటి వస్తే ఎక్కి ఇంటికి వచ్చేశాను. అతను ఇంట్లో లేడని ఉస్తాద్‌తో చెప్పాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆసిలోస్కోపు వైపు కూడా ఎప్పుడూ చూడలేదు. మూడేళ్లకు ఆయన పోయాడు. ఆ వేపపుల్ల ఇప్పుడు నా దగ్గర ఉంది.

తర్వాత వాల్వుల కాలం పోయింది. సేటు దుకాణం తీసేశాడు. నేను ఒక టీవీ కంపెనీ సర్వీసు సెంటరులో చేరాను. ఇళ్లకు వెళ్లి రంగుల టీవీలు బాగుచేయడం పని. తొంభైల్లో ఒకనాడు సెంటరులో నాకిచ్చిన సర్వీసు కాగితంలో గోదావరిఖని క్వార్టర్ నంబరు ఉంది. పేరు చదివాను కానీ ఆ పేరు గలవాళ్లు చాలామంది ఉంటారని సర్ది చెప్పుకున్నాను. తలుపు తీసింది అతనే. జుట్టు సగం నెరిసింది. కనుబొమల మీద బొగ్గు తాలూకు నల్లటి మచ్చలు. గోడకు గిటారు లేదు. నన్ను వెంటనే గుర్తుపట్టాడు.

"అన్నా, నువ్వా!" అంటూ కుర్చీ వేశాడు. భార్యను పిలిచాడు. "నేను చెప్తుంటి గదా, గిటార్ ముచ్చట. గా అన్న గీయనే. ఆ రోజు మొకం మీద నిజం చెప్పిండు, నా చెయ్యి పనికిరాదని. గీ అన్న చెప్పకపోతే ఇంకెన్నేండ్లు ఆ పిచ్చిల తిరుగుదునో. ఎవ్వరు గట్ల చెప్తరు?"

ఆమె నాకు దండం పెట్టింది. చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు, కంప్లెయింటు రాసినవాళ్లు ఉన్నారు. ఏ తిట్టుకూ నాకు అంతగా తల కొట్టేసినట్టు కాలేదు. టీవీ వెనక మూత విప్పి ఉంది. చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. అతని వైపు చూడకుండా, టీవీ లోపలికి చూస్తూనే చెప్పాను.

"తమ్మీ, ఆ రోజు నీ చెయ్యి వణకలే."

వైరు సంగతి, ఉస్తాద్ మాట, పక్కన కూర్చున్న మెకానిక్, సుల్తానాబాద్ బజ్జీలు, అన్నీ చెప్పాను. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"ఒక్కటే వైరా?" అన్నాడు.

"ఒక్కటే."

"గా రోజు కోస్తే ఎంతసేపు పడ్తుండె?"

"రెండు నిమిషాలు."

నా చేతిలోని కటింగ్ ప్లేయర్ వైపు చూశాడు. "గిది గా రోజు నీ జేబుల ఉండెనా?"

"ఉండె," అన్నాను.

తల ఊపాడు. పెట్టె నా దగ్గరే ఉందని, వైరు అప్పుడే కోసేశానని, ఈసారి వచ్చేటప్పుడు తెచ్చి ఇస్తానని చెప్పాను. "వద్దన్నా," అన్నాడు. "నీ దగ్గరనే ఉండనీ." దాన్ని కొంటామని అడిగే పిల్లలకు నేను అమ్మనని చెప్పేది అందుకే. అది నాది కాదు.

ఆమె చాయ్ తెచ్చింది. "ఏంది మాట్లాడుతున్నరు?" అని అడిగింది. "ఏం లేదు, పాత ముచ్చట," అన్నాడు. ఆమె ముందు నా తప్పు బయటపెట్టలేదు. నేను చాయ్ తాగాను. టీవీలో బొమ్మ వచ్చింది.

సర్వీసు కాగితం చివర 'చేసిన పని సంతృప్తికరంగా ఉంది' అని అచ్చువేసి ఉంటుంది. దాని కింద కస్టమరు సంతకం పెట్టాలి. ఆ కాగితం అతనికి ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. అతనే చెయ్యి చాచి తీసుకున్నాడు. మోకాలి మీద పెట్టుకుని ఆ వాక్యం చదివాడు. తర్వాత నిదానంగా, అక్షరం అక్షరం సంతకం పెట్టాడు. నేను ఆ కుడిచేతినే చూస్తూ నిలబడ్డాను. అది కొంచెం కూడా వణకలేదు.